చీటీ కట్టని తాళంచెవులు

మార్చి 4

మహారాజశ్రీ మేనత్తగారి సన్నిధికి, మేనల్లుడు ఉడత సాష్టాంగపడి రాసుకొను క్షమాపణ పత్రం.

అత్తయ్యా,

ముందుగా నన్ను క్షమించు. ఈ ఉత్తరంలోనూ, దీని తోక పట్టుకుని రాబోయే ఉత్తరాల్లోనూ నేను చేయబోయే సమస్త అపచారాలకూ, మన వంశప్రతిష్ఠకు పడబోయే సొట్టలకూ, పూర్వీకుల ఆత్మలకు కలగబోయే చక్కిలిగింతలకూ ఇప్పుడే, టోకున, శిరస్సు వంచి క్షమాపణ వేడుకుంటున్నాను. ఒక్కో తప్పుకీ విడివిడిగా అడిగే ఓపిక నాకు లేదు. విడివిడిగా క్షమించే ఓపిక నీకూ లేదు. చిన్నప్పుడు నీ కొట్టులో కొత్త తాళంకప్ప నోట్లో చూయింగ్ గమ్ కుక్కినందుకు నువ్వు విసిరిన ఆకురాయి ముద్ర నా వీపు మీద ఇంకా ఉంది. లోపలికి రావచ్చా అని ఎవరినీ అడక్కుండానే వచ్చే గుణం కూడా నాలో అప్పటినుంచీ ఉంది.

ఇక అసలు కబురు. మన మూలపురుషుడు మా లాబ్‌కి విచ్చేశాడు. అట్టపెట్టెలో. పెట్టె మీద "పెళుసు, జాగ్రత్త" అని రాసి ఉంది. మూడొందల ఏళ్లు ఊరంతా తొక్కిన మనిషికి ఇన్నాళ్లకు దక్కిన మర్యాద అది.

ఇక్కడికి ఏ ఎముక వచ్చినా దాని వెంట ఉన్న కథను ఒక ఫారంలో నింపాలి. మన ఊరివాణ్ణని, లాబ్ నడిపే మేడమ్ ఆ పని నాకు అప్పజెప్పింది. నేను ఇలా నింపాను, తప్పుంటే చెప్పు:

"ఏటి వైపు కోట ద్వారం దగ్గర నీళ్ల గొట్టాల కోసం తవ్వుతుంటే గడప కింద దొరికిన అస్థిపంజరం. నడుము దగ్గర ఇనుప వలయం, దానికి తొమ్మిది తాళంచెవులు, పదోదాని చోటు ఖాళీ. ఊళ్లో చెప్పుకునేది ఏమిటంటే, వరదొచ్చి అవతలి ఒడ్డు జనం పరిగెత్తుకొస్తే, లోపల గింజలు చాలవు, తలుపు మూసెయ్యమన్నాడు దొర. ద్వారం కాసే మనిషి తలుపు బార్లా తెరిచి, మళ్లీ ఎవరూ తాళం వెయ్యకుండా తాళంచెవిని ఏట్లోకి విసిరేశాడు. దొర అతన్ని చంపించి, వచ్చేపోయేవాళ్లు తొక్కాలని ఆ గడప కిందే పూడ్పించాడు. అతని సంతతి అని చెప్పుకునే కుటుంబం ఇప్పటికీ ఆ ఊళ్లో తాళాలు చేస్తోంది."

మేడమ్ చదివి, "చెప్పుకునే కుటుంబమా? ఎవరు వాళ్లు?" అంది.

"చిత్తం, మేమే" అన్నాను.

"అయితే ఈ పెట్టె ఉన్న గదిలోకి నువ్వు అడుగు పెట్టకు. నీ తుమ్ము ఒక్కటి పడిందంటే మూడొందల ఏళ్ల మనిషికి నీ మొహం వచ్చేస్తుంది" అంది. ఆ విధంగా సొంత మూలపురుషుణ్ణి అద్దం బయట నుంచి, జంతుప్రదర్శనశాలలో పులిని చూసినట్టు చూస్తున్నాను.

శ్రీశ్రీశ్రీ రిటైర్డ్ హెడ్‌మాస్టరు, వంశ సంఘ శాశ్వతాధ్యక్షులు, నీకు అన్నయ్య, నాకు పెదనాన్న అయినవారు ఏడుగురు మగవాళ్ల ఉమ్మి ఏడు ట్యూబుల్లో పంపారు. తండ్రి నుంచి కొడుక్కి, ఇంటిపేరు లాగే, తరం తరం దిగివచ్చే ఒక డీఎన్‌ఏ ముక్క ఉంటుంది. వై అంటారు. ఆ గడప కింది మనిషి వై, పెదనాన్న వై కలిస్తే ఇంటిపేరు గెలిచినట్టు. జతగా ఆయన అచ్చేయించిన వంశవృక్షం కూడా వచ్చింది. పదకొండు తరాలు, అరవై నాలుగు మంది మగవాళ్లు, ఒక్క ఆడమనిషి సాయం లేకుండా అరటిపిలకల్లా ఒకరి పక్కన ఒకరు మొలుచుకొచ్చారు. శాస్త్రానికి ఇంతకన్నా పెద్ద సవాలు నేను చూడలేదు.

కొట్టు సంగతి రాయి. పెదనాన్న నిన్ను బల్ల దగ్గర్నుంచి లేవమంటున్నాడని నాన్న అన్నాడు. నిజమేనా? ఫోన్ చేద్దామంటే, ఫోన్‌లో నా అబద్ధాలు దొరకవు, రాతలో దొరికిపోతాను అంటావు. అందుకే ఈ పురాతన పద్ధతి.

నీ ఉడత

మార్చి 11

ఒరేయ్ ఉడతా,

నీ క్షమాపణలు దాచిపెట్టుకో. ఎప్పుడో ఒకప్పుడు నిజంగా కావాల్సొస్తాయి.

నిజమేరా. పోయిన ఆదివారం సంఘం వాళ్లని అయిదుగురిని వెంటేసుకుని వచ్చాడు అన్నయ్య. నేను సత్తు తాళంచెవి ఒకటి ఆకురాయితో రాస్తున్నాను. తలెత్తలేదు. "నీతో మాట్లాడాలమ్మా" అన్నాడు. అమ్మా అన్నాడంటేనే అనుకున్నాను, కత్తికి సాన పట్టించుకుని వచ్చాడని.

మే పదో తారీఖున ద్వారం దగ్గర విగ్రహం పెడతారట. అదే రోజు మన కొట్టును మూలపురుషుడి స్మారక మందిరం చేస్తారట. "మరి నేనో?" అన్నాను. "నీ ఇంటిపేరు మారి ముప్పై రెండేళ్లయింది కదా, ఇది ఇంటిపేరు వాళ్ల ఆస్తి" అన్నాడు. మారింది ఇంటిపేరురా. చేతులు మారలేదు. పెళ్లయిన మూడో రోజే వచ్చి ఈ బల్ల దగ్గర కూర్చున్నాను. మీ మామయ్య ఉన్నన్నాళ్లూ క్యారేజీ ఇక్కడికే తెచ్చాడు తప్ప లేవమన్లేదు.

మా నాన్న ఏం చెప్పాడో నీకు తెలుసుగా. మన కొట్టులో తాళంచెవులకు చీటీలు కట్టకూడదు. ఊళ్లోవాళ్లు దాచుకోమని ఇచ్చే రెండో తాళంచెవులు ఇప్పుడు నూట నలభై ఉన్నాయి నా దగ్గర, ఒకే గుత్తికి. పేరు రాసి కడితే దొంగ చేతిలో ఊరు పెట్టినట్టే అనేవాడు. ఏది ఎవరిదో వేలికి తెలియాలి. వేలికి తెలిసినవాళ్లదే బల్ల. ఇదే ఆయన రాసిన వీలునామా, కాగితం మీద కాదు.

నేను కూడా ఉమ్ముతాను, ఒక ట్యూబు ఇవ్వమన్నాను అన్నయ్యని. "ఆడవాళ్ల ఉమ్మితో వంశం తేలదమ్మా" అన్నాడు. ఆ అయిదుగురూ నవ్వారు. వాళ్లలో ఒకడి ఇంటి తాళంచెవి నా గుత్తిలో పదిహేనోది. నవ్వనీ.

నేను మటుకు కదలను. లేపాలంటే బల్లతో పాటు లేపాలి.

ఈ కవర్ల జిగురు వేపచెక్కలా ఉందిరా. నాకి అంటించేసరికి టీ రుచి పోతోంది.

మీ అత్తయ్య

మార్చి 27

అత్తయ్యా,

ఈ ఉత్తరం చదివాక చింపెయ్యి. చింపాక ఆ ముక్కలు కూడా ఎవరికీ చూపించకు.

మొన్న మేడమ్ తెల్ల అంగీ, రెండు జతల చేతితొడుగులు, మూతికి గుడ్డ, కళ్లకు అద్దాలు వేసుకుని పెట్టె తెరిచింది. తీరా చూస్తే లోపలున్నవాడి కన్నా ఆవిడే దెయ్యంలా ఉంది. చెవి వెనక లోపల ఒక ఎముక ఉంటుంది. ఒళ్లు మొత్తం మీద గట్టిది అదే. మనిషి పోయి వందల ఏళ్లయినా డీఎన్‌ఏ అక్కడ నక్కి ఉంటుంది. దాన్ని సన్నగా తొలిస్తే చిటికెడు పిండి రాలింది. అద్దం బయట నేను ఊపిరి బిగబట్టాను, నా ఊపిరికి అద్దం దాటే తాహతు లేకపోయినా.

ఫలితం మొదటి విడత వచ్చింది. చెప్పకూడదు. ఇంకో పరీక్ష పంటితో చేసి, రెండూ ఒకటే మాట చెప్తేనే బయటపెడతారు. కాబట్టి చెప్పను. ఇది మాత్రం చెప్తాను, చెట్టు మొదట్లోనే తేడా ఉంది. వై దగ్గర చిక్కొచ్చింది. మనం ఇన్నాళ్లూ ఎవరనుకున్నామో ఆ మనిషి కాదు. పాపం పెదనాన్న, ఈ వయసులో వినాల్సిన మాట కాదు. ఆయనతో అస్సలు అనకు.

ఆవలిస్తే పేగులు లెక్కపెట్టేదానివి, నీకు ఇంతకన్నా విడమరచక్కర్లేదు.

నీ ఉడత

ఏప్రిల్ 3

ఒరేయ్,

ఉడతా అని కూడా పిలవబుద్ధి కావట్లేదు. నాయనమ్మని అంటావురా? నిన్ను ఒళ్లో పడుకోబెట్టుకుని నీ తలలో పేలు తీసిన మనిషిని? వై దగ్గర చిక్కట, అనుకున్న మనిషి కాదట, అన్నయ్య వినకూడదట. అంటే ఏంటి నీ ఉద్దేశం? అన్నయ్య మా నాన్న కొడుకు కాడనా? వాడి ముక్కు చూడు, నాన్న ముక్కు కోసి అతికించినట్టు ఉంటుంది. చదువు ఎక్కువైతే మతి పోతుందంటారు, నీకు మర్యాద కూడా పోయింది.

అమ్మ గురించి నీకేం తెలుసు? ఈ కొట్టు వెనక గదిలో ముగ్గుర్ని కన్నది. నాన్న చూపు మందగించాక పళ్లు రాసిన ప్రతి తాళంచెవినీ తడిమి, బాగుందో లేదో చెప్పింది ఆవిడే. మీ పెదనాన్న చెట్టులో ఆవిడకి ఒక ఆకు కూడా ఇవ్వలేదు. నువ్వేమో ఏకంగా బురద చల్లావు.

ఇంకోటి కూడా చెప్పాలి. చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. మొన్న అన్నయ్య కొలతల టేపు పట్టుకుని వచ్చి నా బల్ల కొలవడం మొదలెట్టాడు. అద్దాల పెట్టె ఎక్కడ పెట్టాలో చూస్తున్నాడట. "ఆడపడుచువి, గౌరవంగా లే" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. "ముందు నీ వై దగ్గర చిక్కుందట, అది చూసుకుని రా!" అనేశాను.

వాడి మొహం సున్నం కొట్టిన గోడైపోయిందిరా. టేపు చుట్టుకోకుండానే వెళ్లిపోయాడు. వీధి మలుపు దాకా అది వాడి వెనకాల తోకలా ఈడ్చుకుంటూ పోయింది. సాయంత్రానికి మీ లాబ్‌కి ఫోన్ చేసి ఏడు ట్యూబులూ పారబోయమన్నాడని తెలిసింది.

నవ్వొచ్చింది, ఆ తర్వాత ఏడుపొచ్చింది. ఇదంతా నీ వల్లే.

అత్త

ఏప్రిల్ 9

అత్తయ్యా! అత్తయ్యా! అత్తయ్యా!

మూడుసార్లు పిలిచాను, మూడు చెంపదెబ్బలకీ మొహం అందిస్తున్నాను. నాయనమ్మ మీద ఈగ వాలినా నేను ఊరుకోను. పెదనాన్న ముమ్మాటికీ తాతయ్య కొడుకే. ఆ ముక్కుకి పరీక్ష అక్కర్లేదు. నేనన్న చిక్కు ఆయన వైలో కాదు, పెట్టెలో మనిషి వైలో.

అసలు లేదు.

పంటి పరీక్ష కూడా అయింది. మొన్ననే మేడమ్ సంతకం పెట్టి మన ఊరికి నివేదిక పంపింది కాబట్టి ఇప్పుడు బాహాటంగా రాస్తున్నాను. మగవాడైతే వై ముక్కలు గంపెడు కనిపించాలి. ఇక్కడ దుర్భిణీ వేసి వెతికినా లేవు. మాలో ఎవరి తుమ్మో పడిందనుకోవడానికీ లేదు. పాత డీఎన్‌ఏ అంచులు పాత దుప్పటి అంచుల్లా చీకిపోయి ఉంటాయి, ఇదీ అలాగే ఉంది. గడప కిందున్నది ఆడమనిషి, అత్తయ్యా. నలభై దాటిన ఆడమనిషి. దొర చెప్పినా తలుపు మూయనిది, తాళంచెవి ఏట్లో విసిరినది, నడుముకి తొమ్మిది తాళంచెవులతో నేల కిందికి పోయినది ఒక ఆడమనిషి. కుడి బొటనవేలి మొదట్లో ఎముక అరిగిపోయి ఉంది. వానొస్తే నువ్వు నొక్కుకుంటావే, సరిగ్గా అక్కడ. ఏళ్ల తరబడి ఒకే పని చేసిన చెయ్యి అంది మేడమ్. నేను అద్దం బయట నిలబడి నా బొటనవేలు చూసుకున్నాను. సిగ్గేసింది, మెత్తగా ఉంది.

పొద్దున్నే పెదనాన్న నాకు ఫోన్ చేశాడు. "నువ్వూ మీ అత్తా కుమ్మక్కై ఎముకలు మార్చారు. మూలపురుషుడి మీసం గొరిగిన పాపం ఊరికే పోదు" అని. ఆ గదిలోకి నాకు ప్రవేశమే లేదు మొర్రో అన్నాను. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నావు అన్నాడు. నేను భుజాలే కాదు, బొటనవేలు కూడా తడుముకున్నానని ఆయనకెలా తెలిసిందో.

ఇప్పుడు అసలు మాట. ట్యూబులన్నీ పోయాయి. ఉన్నా ఉపయోగం లేదు, వై లేని మనిషితో వైలని పోల్చలేం. కానీ తల్లి నుంచి పిల్లలకి మాత్రమే దిగివచ్చే ముక్క వేరే ఉంది. నీకు నాయనమ్మ నుంచి, ఆవిడకి వాళ్లమ్మ నుంచి, అలా వెనక్కి. నాయనమ్మ కూడా ఆ ఊరి పిల్లే కదా. నీ ఉమ్మి ఒక్క చెంచాడు పంపు. అది, గడప కింది ఆవిడది కలిసిందనుకో, ఆ అయిదుగురి నవ్వూ అక్కడికక్కడే గొంతులో ఎండిపోతుంది. ఇంటిపేరు లేకుండానే నువ్వు ఆవిడ మనిషివి అవుతావు. పెదనాన్న నిన్ను వేలెత్తి చూపలేడు.

పంపుతావు కదూ? ట్యూబు ఇందులోనే పెడుతున్నాను.

చెంపలు వేసుకుంటూ,
ఉడత

ఏప్రిల్ 18

ఒరేయ్ ఉడతా,

సరే, మళ్లీ ఉడతా అంటున్నాను. కానీ తిక్క రాతలు రాస్తే తిక్కగానే అర్థం చేసుకుంటాను, గుర్తుపెట్టుకో.

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. మధ్యలో ఒకావిడ బీరువా తాళం పట్టుకొస్తే కూర్చోమని, ఆవిడకీ చదివి వినిపించాను. తర్వాత ఆవిడ "తొమ్మిదీ చీటీలు లేకుండానేనా?" అని అడిగింది. లేకుండానే అన్నాను. "మరి!" అంది.

సాయంత్రం కొట్టు కట్టేసి ద్వారం దాకా నడిచి వెళ్లాను. గొయ్యి పూడ్చేశారు, గొట్టం వేసేశారు. ఇదివరకు ఎప్పుడూ ఆ గడపని చూసుకోకుండా తొక్కి దాటేదాన్ని. ఈసారి పక్కనుంచి దాటాను.

ఇక నీ ట్యూబు సంగతి. ఉమ్మను.

ఎందుకో చెప్తాను, బుద్ధిగా విను. నిన్నటిదాకా గడప కింద మగవాడున్నాడు కాబట్టి నేను లేవాలి అన్నారు. ఇవాళ ఆడది కాబట్టి కూర్చోవచ్చు అంటావా? రేపు ఇంకో గొయ్యిలో ఇంకో ఎముక దొరికితే మళ్లీ లేవాలా? నేను ఈ బల్ల దగ్గర ఎముక చలవ వల్ల కూర్చోలేదురా. తాళాలు చెయ్యడం వచ్చి కూర్చున్నాను. ఆవిడ నాకు ముత్తవ్వకి ముత్తవ్వ అయినా నేను ఇలాగే కూర్చుంటాను, ఏమీ కాకపోయినా ఇలాగే కూర్చుంటాను. ఆవిడ మటుకు ద్వారం తెరిచేముందు ఎవరి సర్టిఫికెట్టు అడిగింది?

అన్నయ్య నివేదిక చదివి ఒక రోజు పడుకున్నాడు. రెండో రోజు లేచి, గడ్డపార తప్పు చోట పడింది అన్నాడు. మూడో రోజు, "ఆవిడ ద్వారపాలకుడి భార్య అయి ఉంటుంది" అన్నాడు. మరి తాళంచెవులు ఆవిడ నడుముకెందుకున్నాయంటే, "ఆయన ఎటో వెళ్తూ పట్టుకోమని ఇచ్చి ఉంటాడు" అన్నాడు. మూడొందల ఏళ్లయింది, ఇంకా రాలేదు మహానుభావుడు! విగ్రహం మీసాలతోనే పోత పోయించాడు. మే పదో తారీఖు మారదట. కొట్టు తీసుకోవడమూ మారదట.

రానీ.

నీ ట్యూబులో, మేకుల మధ్య తప్పిపోయే బుల్లి మరలు పోసుకున్నాను. మూత బాగా బిగిసింది, మంచి వస్తువు.

మీ అత్తయ్య

ఏప్రిల్ 26

అత్తయ్యా,

చిత్తం. నీ ఆజ్ఞ శిరసావహిస్తున్నాను. ఉమ్మి మాట ఇక ఎత్తను. శాస్త్రచరిత్రలో మొదటిసారిగా ఒక ట్యూబు మరలకు నిలయమైంది, దాని జన్మ తరించింది.

పని ఎక్కువగా ఉంది, పొడుగ్గా రాయలేను. మే పదిన జాగ్రత్త. వాళ్లు అయిదుగురు, నువ్వు ఒక్కదానివి. నేను రానా? సెలవు అడుగుతాను. తాళంకప్పల్లో పెట్టడానికి చూయింగ్ గమ్ తెస్తాను.

ఉడత

మే 12

ఒరేయ్ ఉడతా,

రాలేదు, మంచి పని చేశావు. వచ్చుంటే నవ్వి అంతా పాడుచేసేవాడివి. ఇప్పుడు చెప్తా విను.

పదో తారీఖు పొద్దున పదింటికి వచ్చారు, అన్నయ్యా అయిదుగురూ. అన్నయ్య ఇస్త్రీ బట్టలు, మెడలో కండువా. చేతిలో కొత్త బోర్డు, నా కొట్టుకి తగిలించడానికి. నేను పోట్లాడతాననుకున్నారు. పోట్లాడలేదు. లేచాను. చేతులు కడుక్కున్నాను. కండువా లేదు కాబట్టి చేతిగుడ్డే భుజాన వేసుకున్నాను.

"సరే అన్నయ్యా, కొట్టు నీదే. తాళం వేసుకుని చూపించు, వెళ్లిపోతాను" అని గుత్తి బల్ల మీద పెట్టాను. నూట నలభై, కొట్టుదానితో కలిపి నూట నలభై ఒకటి. ఒక్కదానికీ చీటీ లేదు.

"ఇందులో ఏది?" అన్నాడు.

"బల్ల ఎవరిదో వాళ్ల వేలికి తెలుస్తుంది" అన్నాను.

మొదలెట్టారు. ఒక్కోటీ పెట్టడం, తిప్పడం, తియ్యడం. ఏది పెట్టామో ఏది పెట్టలేదో మర్చిపోయి మళ్లీ మొదటికి రావడం. పదకొండున్నరకి కండువా తీసేశాడు. ఆ అయిదుగురిలో ఒకడు బల్ల కిందికి దూరి వెతుకుతున్నాడు, అక్కడేదో దాచానని. నేను గుమ్మంలో స్టూలు వేసుకుని టీ తాగాను. వీధి వీధంతా చేరింది. బ్రెడ్డు కొట్టాయన నాకు ఇంకో టీ పంపించాడు.

అప్పుడొచ్చింది ఆసుపత్రి నర్సమ్మ, పరిగెత్తుకుంటూ. మందుల బీరువా తాళంచెవి విరిగి లోపల ఉండిపోయిందట, అక్కడ ఒక పిల్లకి ఊపిరాడట్లేదట, మందు ఆ బీరువాలో ఉందట. ఆ బీరువాకి రెండో తాళంచెవి ఉంది, కొట్టు గుత్తిలో. "సార్, తొందరగా ఇవ్వండి" అంది అన్నయ్యని, గుత్తి వాడి చేతిలో ఉంది కాబట్టి.

వాడు గుత్తి వంక చూశాడు, నా వంక చూశాడు. పంతానికి పోలేదురా, అది మాత్రం ఒప్పుకోవాలి. గుత్తి నా చేతిలో పెట్టాడు. నేను కళ్లు మూసుకోవాల్సిన పని కూడా లేదు. వేలు వెళ్లి దాని మీద ఆగింది. సన్నకాడ, మూడో పన్ను పొట్టి. పటకారుతో సహా పరిగెత్తాను, విరిగిన ముక్క లాగి తెరిచి ఇచ్చాను. పిల్ల బాగుంది. నిన్న వాళ్లమ్మ తీసుకొచ్చి చూపించింది. నా ఆకురాయి లాక్కుని నోట్లో పెట్టుకోబోయింది, గట్టిపిండమే.

తిరిగొచ్చేసరికి ఆ అయిదుగురూ లేరు. అన్నయ్య ఒక్కడే నా స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. కాసేపటికి అన్నాడు, "నాకు తొమ్మిదేళ్లప్పుడు గుత్తిలో తాళంచెవులన్నిటికీ చీటీలు కట్టాను. ముత్యాల్లాంటి అక్షరాలతో. నాన్న చూసి సంతోషిస్తాడనుకున్నాను. చేతి మీద కొట్టి, బల్ల దగ్గరికి రావద్దన్నాడు. మర్నాడు నిన్ను కూర్చోబెట్టాడు."

నాకు ఇది తెలీదురా. యాభై ఏళ్లు ఒకే ఊళ్లో ఉండి నాకు తెలీదు. వంశవృక్షంలో ఆ అరవై నాలుగు మందికీ పేరుపేరునా చీటీలు ఎందుకు కట్టాడో అప్పుడర్థమైంది. జాలేసింది. జాలేసిందని లేస్తాననుకోకు.

"కూర్చో అన్నయ్యా, ఇప్పుడు నేర్పిస్తాను" అన్నాను.

"ఈ వయసులోనా?" అన్నాడు.

"చేతికి వయసేంటి. బుధవారం పొద్దున రా. చీటీలు తేకు" అన్నాను.

రాడు, పంతం మనిషి. కానీ బోర్డు వెనక్కి తీసుకుపోయాడు. "ఇంకో ఏడాది చూద్దాం" అన్నాడు గుమ్మం దిగుతూ. వందేళ్లు చూడు అన్నాను.

విగ్రహం పెట్టారు. శిల్పి ఆ మధ్యాహ్నమే నా దగ్గరికొచ్చి మొహమాటంగా, "అమ్మా, ఒక పెద్ద ఆకురాయి ఇస్తారా?" అన్నాడు. ఎందుకని అడగలేదు. ఇచ్చాను. ఇప్పుడు విగ్రహానికి పైపెదవి మీద గరుకు తప్ప ఇంకేం లేదు. దగ్గరికెళ్లి తడిమితే తెలుస్తుంది, చూస్తే తెలీదు. తడిమాను.

సెలవు దొరికితే రా. బల్ల ఇక్కడే ఉంది, నేనూ ఇక్కడే ఉన్నాను.

మీ అత్తయ్య

మే 19

అత్తయ్యా,

ఈ ఉత్తరంలో హాస్యం తక్కువ ఉంటుంది. ఉన్న కాస్తా భయం వల్ల వచ్చింది, లెక్కలోకి తీసుకోకు.

మార్చి నాలుగున టోకున అడిగిన క్షమాపణలు రద్దు చేసుకుంటున్నాను. అప్పటికి నేనేమీ చెయ్యలేదు, ఊరికే నోటి తీట. పెదనాన్న నా మీద మోపిన నేరాలు కూడా ఒక్కటీ చెయ్యలేదు. ఎముకలు మార్చలేదు. ఆ గదిలో అడుగు పెట్టలేదు. మీసం గొరిగింది శిల్పి, ఆకురాయి నీది.

నేను నిజంగా చేసింది ఒక్కటే.

"ఉమ్మను" అని నువ్వు రాసిన ఉత్తరం ఉందే, ఏప్రిల్ 18 నాటిది. దాన్ని ఉమ్మితోనే అంటించి పంపావు. కవరు మూతకి వేపచెక్క జిగురు, దాని మీద నీ నాలుక. చదవడం అయిపోయాక నేను ఆ కవరు వంక చూస్తూ అరగంట కూర్చున్నాను. తర్వాత మూత కత్తిరించాను. పాత ఎముకల గదిలో కాదు, బతికున్నవాళ్ల నమూనాలు చూసే గదిలో, అందరూ భోజనానికి వెళ్లినప్పుడు, దాని మీద నీ పేరు రాయకుండా, చీటీ కట్టకుండా పరీక్ష పెట్టాను. నువ్వు వద్దన్నాక పెట్టాను. "ఉమ్మి మాట ఎత్తను" అని నీకు రాసిన రోజుకి మిషన్ తిరుగుతోంది.

కలవలేదు, అత్తయ్యా. గడప కింది ఆవిడ తల్లి ముక్క వేరు, నాయనమ్మది వేరు. ఆ వైపున ఆవిడ మనకేమీ కాదు. ఇంటిపేరు వైపున ఏమన్నా అవుతుందేమో ఎవరికీ ఎప్పటికీ తెలీదు.

కలిసుంటే ఆ కాగితాన్ని మొదటి పోస్టులో పెదనాన్న మొహాన కొట్టుండేవాణ్ణి. అప్పుడు నువ్వు ఆ ఎముక దయ వల్ల బల్ల దగ్గర కూర్చునేదానివి, నా దయ వల్ల కూడా. కలవలేదు కాబట్టి సొరుగులో పడేసి నోరు మూసుకున్నాను. పదో తారీఖున నువ్వు గుత్తి బల్ల మీద పెట్టినప్పుడు నీ వెనక ఎవరూ లేరని ఈ ప్రపంచంలో నాకొక్కడికే తెలుసు. నీకు తెలియాల్సిన అవసరమే లేకపోయింది.

నిన్న మేడమ్‌కి చెప్పేశాను. తిట్టలేదు, అది ఇంకా ఘోరం. "అడక్కుండా మనిషి లోపలికి వెళ్లావు" అంది. ఫలితం చెరిపేయించింది. మూడు నెలలు ఏ గదిలోకీ రానివ్వదు. ఈ మూడు నెలలూ నా పని, ట్యూబులకు చీటీలు అంటించడం. తాతయ్య చూస్తే నా చేతి మీద కొట్టేవాడు.

కత్తిరించిన ఆ కవరు మూత ఇందులో పెడుతున్నాను. అది నీది.

ఇకనుంచి కవర్లు నీళ్లతో అంటించు. నా మీద నాకు నమ్మకం లేదు.

ఉడత